ధర వేసేవాళ్లను అడిగే హక్కు

తెలుగునాట కరెంటు చరిత్ర – 12

1959 ఏప్రిల్ 1న పుట్టిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరి 1న రెండుగా చీలిన వైనం గత సంచికలో చెప్పుకున్నాం. ఉత్పత్తి జెన్‌కోకు వెళ్లింది. మిగిలిందంతా ట్రాన్స్‌కో చేతికి వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న ఊరూరా కరెంటు పంచే పని విశాఖపట్నం, తిరుపతి, హైదరాబాద్, వరంగల్ కేంద్రాలుగా నాలుగు పంపిణీ కంపెనీలకు చేరింది. అప్పటి నుంచే ‘డిస్కం’ అన్న మాట మన నోళ్లలో పడింది.

బోర్డు ఉన్న రోజుల్లో కరెంటు ధర పెరిగితే ఎవరిని అడగాలో ఊళ్లో అందరికీ తెలుసు. చట్టం ప్రకారం ధర వేసేది బోర్డే అయినా, అసలు నిర్ణయం ప్రభుత్వానిదేనని ఎరుగనివారు లేరు. ప్రతిపక్షం శాసనసభలో నిలదీసేది. రైతులు ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చునేవారు. ఐదేళ్లకోసారి ఓటు ఉండనే ఉంది. 1999 తర్వాత ధర వేసే అధికారం ముగ్గురు సభ్యుల విద్యుత్ నియంత్రణ మండలికి మారింది. వాళ్లు జనం ఓట్లతో వచ్చినవాళ్లు కారు. రోజువారీగా మంత్రి చెప్పినట్టు నడుచుకోవలసినవాళ్లూ కారు. మరి వాళ్లు ఎవరికి జవాబు చెప్పాలి? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే.

జనం అడగని మండలి

గుత్త హక్కున్న కంపెనీల ధరలను ఒక రాష్ట్ర కమిషన్ అదుపు చేయడమన్న పద్ధతి అమెరికాలో వేళ్లూనుకుంది. 1877లో ‘మన్ వర్సెస్ ఇలినాయ్’ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ప్రజావసరంతో ముడిపడిన ప్రైవేటు వ్యాపారపు ధరలను రాష్ట్రం కట్టడి చేయవచ్చని తీర్పిచ్చింది. ఆ తగాదా ధాన్యం నిల్వ చేసే గోదాముల రేట్ల మీద వచ్చింది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు విద్యుత్, గ్యాస్ కంపెనీలను కూడా కమిషన్ల కిందికి తెచ్చాయి.

ఈ ఏర్పాటును ముందుగా కోరినవారిలో కంపెనీ యజమానులూ ఉన్నారు. షికాగో విద్యుత్ వ్యాపారి శామ్యూల్ ఇన్సల్ 1898లోనే తోటి కంపెనీల సభలో రాష్ట్ర నియంత్రణ తమకు మేలని వాదించాడు. ఒక ఊళ్లో ఒకే కంపెనీకి హక్కు ఉండాలి, దానికి బదులుగా ప్రభుత్వం ఒప్పుకున్న ధరకే కరెంటు అమ్మాలి అన్నది ఆయన లెక్క. నగర పాలకులతో నిత్యం బేరాలాడే బెడద తప్పుతుంది, పోటీ భయమూ ఉండదు. ఆ నీడలో ఆయన హోల్డింగ్ కంపెనీలు ఎన్నో రాష్ట్రాలకు పాకాయి. ఒక రాష్ట్రపు కమిషన్ సరిహద్దు అవతల ఏం జరుగుతున్నదో చూడలేకపోయింది. 1932లో ఆ వ్యాపారం కుప్పకూలినప్పుడు వేలాది చిన్న మదుపరుల సొమ్ము పోయింది. హోల్డింగ్ కంపెనీలకు కళ్లెం వేయడానికి 1935లో జాతీయ చట్టం తేవలసి వచ్చింది. కమిషన్ ఉన్నంత మాత్రాన జనానికి రక్షణ దొరకదని, ఆ కమిషన్ ఎవరి మాట వింటున్నదో కనిపెట్టి ఉండాలని అమెరికా ఆనాడే నేర్చుకుంది.

మన దేశంలో మొదటి మండలి ఒడిశాలో వచ్చింది. అక్కడి సంస్కరణ చట్టం 1995 నాటిది, 1996లో మండలి పని మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో హితేన్ భయా నాయకత్వంలోని ఉన్నత స్థాయి కమిటీ 1995లో బోర్డును విడగొట్టాలని, ధరల నిర్ణయం స్వతంత్ర మండలికి అప్పగించాలని సిఫారసు చేసింది. 1998లో శాసనసభ విద్యుత్ సంస్కరణ చట్టాన్ని ఆమోదించింది. 1999 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. విడతలవారీగా మొత్తం 100 కోట్ల డాలర్ల దాకా ఇవ్వాలన్న పథకంలో అది మొదటి విడత.

ఈ వరుసలో వినియోగదారుడు ఎక్కడా కనిపించడు. రైతు సంఘాలు గానీ, కాలనీ సంఘాలు గానీ, చిన్న పరిశ్రమల వాళ్లు గానీ మాకో మండలి కావాలని ఉద్యమించలేదు. బోర్డు నష్టాలు, ప్రభుత్వ ఖజానా ఇబ్బంది, అప్పు ఇచ్చేవారి షరతులు కలిసి దాన్ని తెచ్చాయి. ఆ తర్వాత దాన్ని తమదిగా చేసుకునే పని జనం మీద పడింది.

రెడ్ హిల్స్‌లో కొత్త కార్యాలయం

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 1999 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. తొలి అధ్యక్షుడు జి.పి. రావు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో పై అంతస్తులు దానికి కార్యాలయమయ్యాయి. ఆ ఏడాదే మండలి తన పని నడిపే పద్ధతులపై నిబంధనలు వెలువరించింది. ఎవరు దరఖాస్తు చేయవచ్చు, అభ్యంతరం ఎలా చెప్పాలి, విచారణ ఎలా సాగాలి అన్నవన్నీ వాటిలో ఉన్నాయి.

పని జరిగే తీరు ఇది. కరెంటు కంపెనీ రాబోయే ఏడాదికి ఎంత కరెంటు కొనాలి, దానికెంత అవుతుంది, జీతాలకు, వడ్డీలకు, మరమ్మతులకు ఎంత కావాలి, ఉన్న చార్జీలతో ఎంత వస్తుంది అని లెక్క కట్టి మండలికి దాఖలు చేస్తుంది. ఆ నివేదికను ఏఆర్ఆర్ అంటారు. ఖర్చుకూ రాబడికీ మధ్య లోటు ఉంటే దాన్ని ఎలా పూడ్చాలో కంపెనీయే ప్రతిపాదిస్తుంది. పత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటారు, వాటికి కంపెనీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. చివరికి మండలి ఇచ్చే ఉత్తర్వులో అభ్యంతరం ఏమిటి, కంపెనీ జవాబేమిటి, మండలి ఏమనుకుంటున్నది అని మూడూ వరుసగా రాయాలి.

బోర్డు నలభై ఏళ్ల చరిత్రలో ఇలాంటి ఏర్పాటు ఒక్కసారి కూడా లేదు. ఒక యూనిట్ తయారీకి ఎంతవుతుందో, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో బయటివాడు కాగితం మీద చూసే వీలు మొదటిసారి కలిగింది. ఈ మార్పు విలువ ఆనాడు చాలామందికి తెలియలేదు. లావుపాటి లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చేవి. రైతుకు, గృహిణికి, చిన్న దుకాణదారుకు వాటిలో తమ బిల్లు ఏ పేజీలో ఉందో చెప్పేవారు లేరు.

2000 వేసవి, ఆగస్టు 28

తొలి టారిఫ్ ఉత్తర్వు 2000 మే 27న వచ్చింది. జూన్ మొదటి వారంలో కొత్త ధరలు అమలయ్యాయి. బిల్లులు ఇళ్లకు చేరగానే రాష్ట్రమంతా భగ్గుమంది. తొమ్మిది వామపక్ష పార్టీలు, కాంగ్రెస్, మహిళా సంఘాలు, రైతు సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. సబ్‌స్టేషన్ల ముందు ధర్నాలు జరిగాయి. ఊరూరా బిల్లులు తగలబెట్టారు. ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి, పలువురు శాసనసభ్యులు నిరాహార దీక్షకు దిగారు.

ఆ ఉద్యమమంతటా ఒక వాదన మళ్లీ మళ్లీ వినిపించింది. ధర వేసింది మండలి, మా చేతిలో ఏముంది అని ప్రభుత్వం అన్నది. షరతు ప్రపంచ బ్యాంకుది, ఒప్పుకున్నది ప్రభుత్వం, మండలి వెనక దాక్కుంటున్నారు అని ఉద్యమకారులు అన్నారు. అడగవలసిన మనిషి ఎవరో తేలని చోట జనం కోపం ఏ దారిన పోవాలి? అది అసెంబ్లీ దారి పట్టింది.

ఆగస్టు 28న ‘చలో అసెంబ్లీ’కి పిలుపు వచ్చింది. జిల్లాల నుంచి వేలాదిమంది హైదరాబాద్ చేరారు. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు ముళ్లకంచెలు, గుర్రపు దళంతో ఊరేగింపును అడ్డుకున్నారు. తోపులాట, లాఠీచార్జీ, ఆ తర్వాత కాల్పులు. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి అనే ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఎందరో గాయపడ్డారు. బషీర్‌బాగ్‌లో వాళ్ల స్మారక స్తూపం ఉంది. ఏటా ఆ రోజున వామపక్షాలు అక్కడ నివాళులర్పిస్తాయి.

బషీర్‌బాగ్ గురించి రాసినవారిలో చాలామంది దాన్ని 2004 ఎన్నికల ఫలితాలతో ముడిపెట్టి ఆగిపోతారు. ఆ ముడిలో నిజముంది. ఆ తర్వాత చాలాకాలం ఏ ప్రభుత్వమూ చార్జీల పెంపు మాట తేలిగ్గా ఎత్తలేకపోయింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన రాజశేఖరరెడ్డి మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. అయితే బషీర్‌బాగ్ ఫలితం ఇంకొకటి కూడా ఉంది. అది పత్రికల పతాక శీర్షికలకు ఎక్కలేదు. కాగితం మీద ఉన్న విచారణ హక్కును నిజంగా వాడుకోవాలన్న పట్టుదల కొందరికి ఆ రోజుల్లోనే కలిగింది.

విచారణ గదిలోకి నడిచినవాళ్లు

2000 తర్వాత ఏటా జరిగిన బహిరంగ విచారణల్లో కొన్ని పేర్లు విడవకుండా కనిపిస్తాయి. విద్యుత్ నియంత్రణపై ప్రజా పర్యవేక్షణ బృందం తరఫున ఎం. తిమ్మారెడ్డి, సీనియర్ జర్నలిస్టు ఎం. వేణుగోపాలరావు వారిలో ముఖ్యులు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ ఎన్నో విషయాలపై మండలికి రాస్తూ వచ్చారు. పుణేకు చెందిన ప్రయాస్ సంస్థ లెక్కలు చదవడంలో తోడుగా నిలిచింది. రైతు సంఘాల నాయకులు, పరిశ్రమల చాంబర్లు, ఫెర్రో అల్లాయ్స్ కంపెనీలు, దక్షిణ మధ్య రైల్వే అందరూ తమ తమ అభ్యంతరాలతో వచ్చేవారు. తెలుగులో మాట్లాడే వీలుండేది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి ఎన్నాళ్లు తిప్పుకున్నారో, లో ఓల్టేజీకి మోటారు ఎన్నిసార్లు కాలిందో, తెగిన తీగ తగిలి చనిపోయిన రైతు కుటుంబానికి పరిహారం ఎందుకు రాలేదో రైతులు మండలి ఎదుట నిలబడి చెప్పారు. కంపెనీ అధికారులు అందరి ముందూ జవాబు చెప్పవలసి వచ్చింది.

ఆ గదిలో తేలిన మొదటి పెద్ద విషయం నష్టాల లెక్క. 1980ల ఆరంభం నుంచి పంపుసెట్లకు మీటరు లేదు, హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అని వసూలు చేసేవారు. మీటరు లేని వాడకం ఎంతో ఎవరికీ తెలియదు. కాబట్టి దొంగతనంగా పోయినదీ, తీగల్లో కరిగిపోయినదీ వ్యవసాయం పద్దులో కలిపేయడం బోర్డుకు అలవాటైంది. 1990ల మధ్య వరకు సరఫరా, పంపిణీ నష్టాలు 20 శాతం లోపేనని చెప్పిన సంస్థ, సంస్కరణల ముందు లెక్క సరిచేసుకుని అవి దాదాపు మూడో వంతని ఒప్పుకుంది. అన్నేళ్లూ ఆ తేడా భారమంతా రైతు తింటున్న కరెంటు కింద రాశారన్నమాట. రైతు వల్లే బోర్డు మునిగిపోతోందన్న ప్రచారానికి ఆ తప్పుడు లెక్కే ఆధారం. విచారణల్లో ఏటా ఈ అంశం మీద గట్టి వాదన జరిగింది. నమూనా ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి వ్యవసాయ వాడకాన్ని అంచనా వేయాలన్న పద్ధతి అలా బలపడింది.

రెండో విషయం కొనుగోలు ఒప్పందాలు. చార్జీలో పెద్ద భాగం కరెంటు కొన్న ఖర్చే. ఆ ఖర్చు పాతిక ముప్ఫై ఏళ్ల ఒప్పందాల్లో ముందే ముడిపడి ఉంటుంది. గౌతమి, కోనసీమ, వేమగిరి, జీవీకే విస్తరణ వంటి గ్యాస్ కేంద్రాల ఒప్పందాలు మండలి ముందుకు వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు లేచాయి. గ్యాస్ దొరక్కపోతే నాఫ్తా వంటి ఖరీదైన ఇంధనంతో నడిపి ఆ భారం మన మీద వేయవచ్చా? విద్యుత్ కేంద్రం ఊరికే ఉన్నా స్థిర చార్జీలు కట్టాలా? ప్రజల తరఫున వచ్చినవారు వద్దని గట్టిగా వాదించారు. ఆ తర్వాతి చరిత్ర మనకు తెలుసు. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ ఆశించినంత రాలేదు, ఆ కేంద్రాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఆనాడు విచారణ గదిలో ఆ ప్రశ్నలు అడిగినవారికి ఏ పదవీ లేదు, ఏ జీతమూ లేదు. సొంత ఖర్చుతో వచ్చి, వందల పేజీలు చదివి, కోట్లాదిమంది బిల్లుల కోసం మాట్లాడారు. మన ప్రజాజీవిత చరిత్రలో వాళ్లకు రావలసినంత గుర్తింపు రాలేదు.

చట్టం గీసిన గీతలు

వినియోగదారుడి మాట వినడం మండలి దయ మీద ఆధారపడినదా, చట్టం ఇచ్చిన హక్కా? ఈ తగాదా పశ్చిమ బెంగాల్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. కలకత్తా విద్యుత్ కంపెనీ కేసులో అక్కడి హైకోర్టు, వినియోగదారులను విచక్షణ లేకుండా వింటున్నారని మండలిని తప్పుపట్టింది. 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మాటను తోసిపుచ్చింది. వినిపించుకునే హక్కు వినియోగదారులకు చట్టమే ఇచ్చిందని తేల్చింది.

మరుసటి ఏడాది జూన్ 10న అమల్లోకి వచ్చిన విద్యుత్ చట్టం దేశమంతటికీ ఒకే చట్రం వేసింది. మండలి జవాబుదారీతనం ఏ దారుల్లో నడవాలో అందులోనే ఉంది. 64వ సెక్షన్ ప్రకారం ధరల దరఖాస్తును ప్రకటించాలి, జనం సలహాలు, అభ్యంతరాలు పరిశీలించాలి, 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. 86వ సెక్షన్ మండలి తన పనిలో పారదర్శకంగా ఉండాలని స్పష్టంగా చెబుతుంది. 94వ సెక్షన్ కింద వినియోగదారుల తరఫున వాదించడానికి మండలి ఎవరినైనా నియమించవచ్చు. 65వ సెక్షన్ ప్రభుత్వానికి కళ్లెం వేస్తుంది. ఏదైనా వర్గానికి తక్కువ ధరకు కరెంటు ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం ఆ రాయితీ సొమ్ము ముందే చెల్లించాలి.

సభ్యుల మీద కూడా కట్టుబాట్లున్నాయి. ఎంపిక కమిటీకి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు. పదవీకాలం ఐదేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. అదే పదవిలో రెండోసారి నియమించకూడదు. దిగిపోయాక రెండేళ్లు వాణిజ్య సంస్థలో ఉద్యోగం చేయకూడదు. మండలి పద్దులను కాగ్ తనిఖీ చేస్తుంది, వార్షిక నివేదిక శాసనసభ ముందుంచాలి. ఉత్తర్వు నచ్చకపోతే ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. బిల్లు తగాదాల వంటి వ్యక్తిగత సమస్యలకు డిస్కంలలో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికలు, వాటి పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మండలి చేసేది న్యాయ నిర్ణయం లాంటి పని కాబట్టి సభ్యుల్లో ఒకరికి న్యాయ రంగ అనుభవం ఉండి తీరాలని 2018 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇన్ని దారులున్నా సామాన్యుడికి అందుబాటులో ఉన్నది ఒక్కటే, బహిరంగ విచారణ. శాసనసభలో మండలి వార్షిక నివేదిక మీద చర్చ జరిగిన సందర్భాన్ని గుర్తుచేసుకోవడం కష్టం. ట్రిబ్యునల్ ఢిల్లీలో ఉంది, లాయరు ఫీజు రైతు కట్టుకోలేడు. అందుకే విచారణ దారి మూసుకుపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే. అది మూసుకుపోయిన రెండు సందర్భాలు మన రెండు రాష్ట్రాల్లోనే చూశాం.

కుర్చీలు ఖాళీగా ఉన్న ఏడాది

2014లో రాష్ట్రం విడిపోయాక రెండు మండలులు ఏర్పడ్డాయి. తెలంగాణ మండలికి ఇస్మాయిల్ అలీ ఖాన్ తొలి అధ్యక్షుడు. 2019 జనవరిలో ఆయన పదవీకాలం ముగిసింది. కొత్తవారిని నియమించింది ఆ ఏడాది అక్టోబరు చివర. మధ్యలో దాదాపు పది నెలలు ధర వేసే అధికారమున్న సంస్థలో నిర్ణయం తీసుకునేవారే లేరు.

దాని వెంటే ఇంకో నిశ్శబ్దం నడిచింది. 2018–19కి ఖరారైన చార్జీలే వరుసగా 2021–22 వరకు కొనసాగాయి. ఏఆర్ఆర్‌లు సమయానికి దాఖలు కాలేదు, కాబట్టి విచారణలూ లేవు. చార్జీలు పెరగలేదు కదా, జనానికి మేలే అనిపించవచ్చు. కానీ ఆ ఏళ్లలో కంపెనీలు ఎంతకు కరెంటు కొన్నాయో, నష్టాలు ఎంత పెరిగాయో, ప్రభుత్వం ఇవ్వవలసిన రాయితీ ఇచ్చిందో లేదో అడిగే చోటు జనానికి లేకుండా పోయింది. 2022 మార్చిలో కొత్త ఉత్తర్వు వచ్చాక పెరిగిన చార్జీలు ఒక్కసారిగా మీద పడ్డాయి. కంపెనీలు దాఖలు చేయడం ఆలస్యమైతే మండలులు తమంతట తామే విచారణ మొదలుపెట్టాలని విద్యుత్ ట్రిబ్యునల్ 2011 నవంబరు 11నే దేశంలోని మండలులన్నిటినీ ఆదేశించింది. ఆ ఆదేశం ఉండగానే ఇదంతా జరిగింది. దీనికి నియామకాలు ఆలస్యం చేసిన ప్రభుత్వానిదీ, లెక్కలు దాఖలు చేయని కంపెనీలదీ, వాటిని వెంటపడి అడగని మండలిదీ సమాన బాధ్యత.

ప్రకటన లేని ఉత్తర్వు

రెండో సందర్భం ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు నాటిది. 2014–15 నుంచి 2018–19 వరకు ఐదేళ్లలో అనుమతించిన ఖర్చుకూ నిజంగా అయిన ఖర్చుకూ తేడాగా 3,669 కోట్ల రూపాయలు వినియోగదారుల నుంచి వసూలు చేసుకోవడానికి మండలి అనుమతిచ్చింది. దీన్ని ట్రూ అప్ లేదా సర్దుబాటు చార్జీ అంటారు. తిరుపతి డిస్కం పరిధిలో యూనిట్‌కు రూపాయి 23 పైసలు, విశాఖ డిస్కం పరిధిలో 45 పైసలు. సెప్టెంబరు నుంచి ఎనిమిది నెలల్లో కట్టాలి. ఎప్పుడో అద్దెకున్నవారు వాడిన కరెంటుకు ఇప్పుడు అదే ఇంట్లో ఉంటున్నవారు ఎందుకు కట్టాలన్న ప్రశ్న ఇంటింటా వినిపించింది.

వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అప్పుడు బయటపడిన లోపం ఏమిటంటే, జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి పత్రికల్లో ఇవ్వవలసిన ప్రకటనే ఇవ్వలేదు. కొద్ది వారాల్లోనే మండలి తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుని, ప్రకటన ఇచ్చి మళ్లీ విచారణ జరిపింది. 2022లో చివరికి తేలిన మొత్తం సుమారు 2,910 కోట్లు. దాన్ని 36 నెలలకు పంచారు. జనం మాట వినకుండా వేసిన లెక్కకూ విన్న తర్వాత వేసిన లెక్కకూ మధ్య 750 కోట్లకు పైగా తేడా వచ్చింది. బహిరంగ విచారణ ఉత్త తంతు అనేవారికి ఈ అంకె కంటే మంచి జవాబు లేదు.

ఆ తర్వాత దారి ఇంకా ఇరుకైంది. ఇంధనం, కొనుగోలు ఖర్చుల పెరుగుదలను నెలనెలా వసూలు చేసుకునేలా కేంద్రం నిబంధనలు మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ముందస్తు అనుమతి లేకుండానే డిస్కంలు బిల్లులో వేయవచ్చు. లెక్క సరిచూడటం ఏడాది చివరనే. 2022–23 ఏడాదికి ఈ పెరుగుదల కింద డిస్కంలు 8,100 కోట్లకు పైగా అడిగితే, విచారణ తర్వాత మండలి అనుమతించింది 6,072 కోట్లు. అడిగినదానిలో నాలుగో వంతు కోతపడింది. ఆ కోత అభ్యంతరాలు చదివి, లెక్కలు తిరగేసినందువల్ల వచ్చింది. అయినా ముందు వసూలు చేసి తర్వాత విచారించే పద్ధతి చట్టం 64వ సెక్షన్‌లో పెట్టిన ఆశయానికి ఎదురు నడుస్తుందని చెప్పక తప్పదు. జేబులోంచి డబ్బు పోయాక అభ్యంతరం చెప్పడానికి ఎంతమంది వస్తారు?

ఈ పాతికేళ్లు చెప్పేది

నియంత్రణ మండలి స్వతంత్రంగా ఉండాలని నేను నమ్ముతాను. ఎన్నికల ముందు ధర ఆపి, ఎన్నికల తర్వాత మోయలేని భారం మోపే రాజకీయానికి అడ్డుకట్ట అవసరం. కానీ మంత్రి నుంచి స్వతంత్రం కావడమంటే జనం నుంచి స్వతంత్రం కావడం కాదు. పాతికేళ్ల అనుభవంలో మండలి బాగా పనిచేసిన ప్రతిసారీ విచారణ గదిలో ప్రశ్నించేవాళ్లున్నారు. తప్పటడుగు వేసినప్పుడు అక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, లేదా ప్రకటన రాలేదు, లేదా వసూలయ్యాక విచారణ జరిగింది.

అందుకని ప్రభుత్వాల నుంచి మూడు కోరాలి. మండలిలో ఖాళీ ఏర్పడక ముందే కొత్త నియామకం పూర్తి చేయాలి. ఏఆర్ఆర్ సారాంశం ప్రతి సబ్‌స్టేషన్‌లో, ప్రతి గ్రంథాలయంలో తెలుగులో దొరకాలి. మండలి వార్షిక నివేదిక మీద శాసనసభలో ఏటా ఒక రోజు చర్చ జరగాలి.

పాఠకుల నుంచి కోరేది ఒకటే. డిస్కంలు మామూలుగా నవంబరు చివర ఏఆర్ఆర్ దాఖలు చేస్తాయి, కొత్త చార్జీలు ఏప్రిల్ 1 నుంచి వస్తాయి. ఆ మధ్య నాలుగు నెలల్లో పత్రికలో ఒక ప్రకటన వస్తుంది. దాన్ని చదవండి. ఒక తెల్లకాగితం మీద మీ సర్వీసు నంబరు, మీ అభ్యంతరం తెలుగులో రాసి ఆ ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు గడువులోగా పంపండి. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట కూడా అందులో రాయండి. మీ ప్రశ్నకు డిస్కం రాతపూర్వకంగా జవాబు చెప్పాలి, మండలి తన ఉత్తర్వులో దాన్ని నమోదు చేయాలి. ఆ హక్కు మీది. దాన్ని వాడుకోండి.

(సశేషం. వచ్చే సంచికలో: ఉచిత విద్యుత్ ఫైలు వెనక జరిగిన చర్చ)